చివరి మాట నాది

2004 జూన్ 20, ఆదివారం

కంపెనీ వాళ్ళు జనవరిలో పంచిన డైరీ ఇది. ఆరు నెలలుగా అల్మారాలో ఖాళీగా పడుంది. ఇవాళ బయటికి తీశాను. జకర్యాకు రాయాలనుకున్న జవాబు అందరూ చదివే మెయిల్ లిస్టులో రాయలేను, ఎక్కడా రాయకుండా ఉంటే అన్నం సహించేలా లేదు.

వాగుడుకాయ గొంతు మార్చాలట.

"తర్వాతి విడుదలకు కొత్త గొంతు కావాలి. పాతది వేగంగా చదివిస్తే మాటలు మింగేస్తోంది. అందరూ మీ అభిప్రాయం చెప్పగలరు" అని లిస్టుకు మెయిల్ పెట్టాడు. మర్యాదగానే రాశాడు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

మూడేళ్ళ కింద వాగుడుకాయ అనే ఈ ప్రోగ్రాంను నేనొక్కణ్ణే మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో ఉన్న తెలుగును చూపు లేనివాళ్ళకు పైకి చదివి వినిపించేది అప్పటికి నా ఎరుకలో ఒక్కటీ లేదు. కోడు ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని నెట్‌లో పెట్టాను. ఏడాది తర్వాత జకర్యా వచ్చాడు. బొల్లారంలో ఉంటాడు, వేరే కంపెనీలో పని. నాకంటే మంచి ప్రోగ్రామర్, ఒప్పుకుంటాను. తర్వాత సదాశివ వచ్చాడు. అతనికి చూపు లేదు. నేను రాసినవన్నీ మొదట విని తప్పులు పట్టేది అతనే. ఇప్పుడు లిస్టులో అరవై మంది దాకా ఉన్నారు. సగం మంది ముఖాలు నాకు తెలియవు.

గొంతు నా భార్య దేవికది. పేరు కూడా ఆమెదే. వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచీ ఆమెను వాగుడుకాయ అనే పిలిచేది. పద్మారావు నగర్‌లో ఇదే ఇంట్లో, ఇదే గదిలో, కిటికీకి పరుపు ఆనించి, ఫ్యాన్ ఆపి, ఇరవై ఒక్క ఆదివారాలు రికార్డు చేశాం. అక, అగ, అమ, కమ, కల అంటూ పందొమ్మిది వందల ముక్కలు. వీటిని అతికించి ప్రోగ్రాం ఏ మాటనైనా పలుకుతుంది. చెమటలు కారిపోతూ చదివేది. మధ్యలో నవ్వొస్తే మళ్ళీ మొదటి నుంచి.

రూల్స్ ఫైలు కూడా నేనే రాశాను. రెండే వాక్యాలు. "ఎవరైనా ఏదైనా ప్రతిపాదించవచ్చు. చివరి మాట నాది." మొదలుపెట్టినవాడికే చివరి మాట ఉండటం మా లోకంలో మామూలే. పెద్ద పెద్ద ప్రాజెక్టులే అలా నడుస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు.

లిస్టులో పెట్టిన జవాబు: "టెక్నికల్ కారణాల వల్ల ఇప్పట్లో వీలుపడదు."

జూన్ 22

ఏ కారణాలు అని జకర్యా అడిగాడు. రేపు రాస్తాను.

జూన్ 24

రాశాను. ఒకటి, కొత్త గొంతు చేర్చితే ఫైలు పెద్దదవుతుంది. రెండు, పాత కంప్యూటర్లు తట్టుకోలేవు. మూడు, ఇప్పటికే వాడుతున్నవాళ్ళకు అలవాటు తప్పుతుంది. నాలుగోది ఉంటే బాగుంటుందనిపించి "ఇతర కారణాలు" అని చేర్చాను.

జూన్ 27, ఆదివారం

పొద్దున్నే వాగుడుకాయ చేత పేపర్ చదివించాను. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ రోజూ చదివిస్తున్నాను. దేవికకు ధైర్యంగా ఉంటుందని. తన గొంతు తనకు వినిపిస్తూ ఉండాలి, మరిచిపోకూడదు.

జనవరిలో థైరాయిడ్ గడ్డ తీశారు. గడ్డ మంచిదే అన్నారు, భయం లేదన్నారు. కానీ గొంతుకు వెళ్ళే నరం దెబ్బతింది. ఇలాంటివి ఒక్కోసారి తప్పవట. ఆరు నెలల్లో, లేదా ఏడాదిలో తిరిగి రావచ్చన్నారు. ఇప్పుడు ఆమె మాట్లాడితే గాలి వస్తుంది, గాలిలో మాట కొంచెం ఉంటుంది. మూడో తరగతి పిల్లలకు పాఠం చెప్పే మనిషి, బడికి సెలవు పెట్టి కూర్చుంది. ఫోన్ మోగితే ఎత్తదు. కూరగాయల బండి వస్తే వేలితో చూపిస్తుంది.

పేపర్ చదువుతున్నంతసేపూ వంటింట్లో పంపు తిప్పి ఉంచింది. గిన్నెలు చాలా ఉన్నట్టున్నాయి.

జూలై 3, శనివారం

సదాశివ రమ్మంటే వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. సికింద్రాబాద్‌లోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ అతను. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా సారు కావాలంటే, ఆ పేరు కంప్యూటర్‌లో కొడతాడు, వాగుడుకాయ నంబరు చదువుతుంది, లైను కలుపుతాడు.

"కూసోన్రి అన్నా. జెర వినున్రి," అన్నాడు. ఒక చెవి హెడ్‌ఫోన్ నాకిచ్చాడు.

దేవిక గొంతు మూడింతల వేగంతో పరిగెత్తింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను తల ఊపుతూ వింటున్నాడు.

"ఇప్పుడేమన్నది?"

"తెలీలేదు."

"నాకు సుత తెల్వలె. అరవైనా, ఇరవైనా? రెండిట్ల ముందు అక్షరం మింగేస్తది. 'రవై' ఒక్కటే వినబడ్తది. మొన్న అరవై ఆరుకు బదులు ఇరవై ఆరుకు కలిపిన. రెండుసార్లు. పెద్ద సారు పరేషాన్ అయిపోయి మెమో ఇచ్చిండు."

"కొంచెం నెమ్మదిగా చదివించుకుంటే?"

అతను నవ్వాడు. "మీరు కంటితోని పేజి మొత్తం ఒక్కసారి చూస్తరు. నేను ఒక్కొక్క మాట వినాలె. స్లో వెడితె లైన్ల నలుగురు మనుషులు ఆగుతరు. వదిన గొంతు మంచిగుంటది అన్నా, ఇంటికాడ కథలు వినెతందుకు ఎంతో మంచిగుంటది. ఇక్కడ నౌకరి చెయ్యనిస్తలేదు."

చూస్తానన్నాను. ఆ హెడ్‌ఫోన్లు పాతవి. వాటిదే తప్పయి ఉంటుంది.

జూలై 9

జకర్యా నమూనా పంపాడు. వాళ్ళ అక్క మార్త చదివిన రెండు వందల ముక్కలు. మూడింతల వేగంతో పెట్టి విన్నాను. అరవై, ఇరవై. అరవై, ఇరవై. అరవై.

లిస్టులో రాశాను: "ప్రాణం లేదు."

జూలై 12

"ప్రాణం ఉందో లేదో ఎట్లా టెస్ట్ చేయాలి అన్నా?" అని జకర్యా అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

ఓటింగ్ పెడదామని ఎవరో అన్నారు. ఇదేమీ ఎలక్షన్ కాదు అని రాశాను. గొంతు ఎవరు నిర్ణయించాలి, కోడు రాసేవాళ్ళా, వినేవాళ్ళా అని ఇంకొకరు. దానికి జవాబివ్వలేదు. చివర్లో జకర్యా ఇలా రాశాడు: "ఇలాగే ఉంటే ఫోర్క్ చేయడం తప్ప దారి లేదు. నాకు ఇష్టం లేదు." అంటే మొత్తం కోడు కాపీ తీసుకుని, ఇంకో పేరు పెట్టుకుని, వేరు కుంపటి. వాళ్ళకు హక్కుంది. ఆ హక్కు రాసిచ్చింది నేనే.

ఆఫీసులో పక్క సీటు జోగారావు, జీతం పెంచే కంపెనీ దొరికిందని మానేస్తున్నాడు. స్వీట్లు పంచాడు. ఏడాదిలో ఇది మూడో కంపెనీ అతనికి. వదిలి వెళ్ళడం ఇంత తేలికా అని చూస్తూ కూర్చున్నాను.

జూలై 14

జకర్యాకు కోడు మార్చే అనుమతి తీసేశాను. ఒక్క లైను. లంచ్ టైమ్‌లో.

జూలై 15

పదకొండు మెయిళ్ళు. తెరవలేదు.

జూలై 16

సదాశివ మెయిల్ మాత్రం తెరిచాను. "టెస్టింగ్ ఆపేస్తున్న అన్నా." అంతే.

జూలై 18, ఆదివారం

ఏమీ లేదు. పేపర్ చదివించాను. పంపు.

జూలై 21, బుధవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆఫీసులో సర్వర్లు పడిపోయి మధ్యాహ్నమే పంపించేశారు. రైలెక్కి నాలుగింటికల్లా ఇంటికొచ్చాను. తలుపు తీసే ఉంది. దేవిక ఫోన్ దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. రిసీవరు రెండు చేతులతో పట్టుకుని మాట్లాడుతోంది. మాట్లాడుతోంది! మధ్యలో నవ్వుతోంది కూడా. ఇప్పుడు నవ్వుకు చప్పుడుండదు, భుజాలు కదులుతాయి. ఆరు నెలల తర్వాత ఆ భుజాలు కదలడం చూశాను.

నన్ను చూసి, "ఉంట మరి," అని పెట్టేసింది.

"ఎవరు?"

"సదాశివ."

"నువ్వు... ఫోన్ ఎత్తావా?"

"ఆగకుంట మోగుతనే ఉన్నది. నీకేమన్న అయిందేమోనని ఎత్తిన. హలో అంటె వినబడదనుకున్న. 'వదినా, మంచిగున్నరా' అన్నడు." నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. "మాఫ్ చెయ్యమన్నడు. మీ గొంతు వద్దన్నందుకు మీకు తక్లీఫ్ అయితదని అన్నకు కోపమొచ్చినట్టున్నదని. ఏందది? నాకెందుకు చెప్పలె?"

నేను చెప్పాను. ఫైలు సైజు గురించి, పాత కంప్యూటర్ల గురించి. ఆమె నన్ను చివరి దాకా చెప్పనిచ్చింది.

"ఆయనకు మెమో ఇచ్చిండ్రంట. నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఎరికుండి ఆపినవా?"

"నువ్వు బాధపడతావని."

"నేనా?" అంది. లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది, చెప్పేది వినబడకుండా పోకూడదన్నట్టు. "నన్ను ఒక్కసారన్న అడిగినవా? పొద్దుగాల లేస్తె ఆ పెట్టె పెడ్తవు. నేను పోయి వంటింట్ల నల్ల ఇప్పుకుంట, వినబడొద్దని. అండ్లున్న ఆమె మంచిగ మాట్లాడ్తది. ఆమె చెప్పేది చెవి వెట్టి వింటవు. నేను మాట్లాడితె ఏటీ, ఏటీ అని మూడుసార్లు అంటవు. ఆఖరికి సర్లే అని లేసిపోతవు."

"అలా కాదు దేవికా..."

"గట్లనే. సదాశివ ఇరవై నిమిషాలు మాట్లాడిండు. ఒక్కసారి సుత మళ్ళ చెప్పుమనలె."

ఆ తర్వాత ఆమె ఇంకేదో అంది. నాకు వినపడలేదు. ఈసారి ఏటీ అనలేదు. దగ్గరికి వెళ్ళి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను. మళ్ళీ చెప్పింది. అది ఇక్కడ రాయను.

జూలై 22

జకర్యా అనుమతి తిరిగి పెట్టేశాను. లిస్టుకు మెయిల్: "పద్నాలుగో తారీకున నేను చేసింది తప్పు. కోపంతో చేశాను. కారణం ఇంకేదీ లేదు." నాలుగుసార్లు చెరిపి రాశాను. మొదటి మూడుసార్లూ కారణాలు వచ్చి చేరుతున్నాయి.

జకర్యా ఫోన్ చేశాడు. "ఆదివారం ఇంటికి రండి అన్నా. సదాశివను సుత పిలుస్త. కూసొని మాట్లాడుకుందాం."

దేవికకు చెప్పాను. "నేను సుత వస్త," అంది. మొదటిసారికే వినపడింది.

జూలై 25, ఆదివారం

బొల్లారంలో జకర్యా వాళ్ళది పాత ఇల్లు. మూరెడు మందం గోడలు. బయట వాన పడుతున్నా లోపలికి చప్పుడు రాదు. రికార్డింగ్‌కు ఇంతకంటే మంచి గది ఉండదని లోపలికి అడుగు పెట్టగానే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే ఆశ్చర్యం. మార్త చాయ్, రస్కులు తెచ్చి పెట్టింది. సదాశివ సైనిక్‌పురి నుంచి బస్సులో వచ్చాడు, కాళ్ళు తడిసిపోయి.

మొదట నేనే మాట్లాడాలనుకున్నాను. తిరుగుబాటు చేసినవాడి ముఖంలా ఉంటుందనుకున్న జకర్యా ముఖం, నిద్ర లేని ముఖంలా ఉంది.

"నన్ను క్షమించు," అన్నాను.

"అది మెయిల్‌లో చెప్పిండ్రు గదా అన్నా. అయిపోయింది," అన్నాడు. "నేను మీ కుర్చీ అడుగుతలేను. నాకొద్దు సుత. రేపు మీకు జరమొచ్చినా, కోపమొచ్చినా పని ఆగొద్దు. నాకు కోపమొచ్చినా అంతే. గా రూల్ ఒక్కటి రాసుకుందాం."

రెండు గంటలు పట్టింది. ముగ్గురం ఉండాలన్నాను: నేను, జకర్యా, సదాశివ. ఇద్దరు అవునంటే అవును. సదాశివకు ఓటు అనేసరికి జకర్యా కొంచెం తటపటాయించాడు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఎక్కడైనా పని చేసేవాళ్ళదే మాట, కోడు రాయని మనిషికి ఓటిస్తే లిస్టులో ఎవరైనా అడగొచ్చు అన్నాడు.

సదాశివ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కోడ్ రాసినోళ్ళకే అంటె మాలాంటోళ్ళకు ఎన్నడు రాదు. నేను రోజుకు ఎనిమిది గంటలు దీన్ని వింట. మీ ఇద్దర్ల ఎవలన్న ఒక్క గంట విన్నరా? వినుడు పని కాదా?"

మార్త నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. తలెత్తకుండానే, "వినడం కూడా పనే అని రాసేశాను," అంది.

మిగతావి తేలిగ్గా కుదిరాయి. ప్రతి ప్రతిపాదనా అందరూ చదివేలా లిస్టులో పెట్టాలి. ఏడు రోజులు ఆగాలి. ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు. లిస్టులో ఉన్నవాళ్ళు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, కాని కారణం రాయాలి. అభ్యంతరం వస్తే మళ్ళీ ఏడు రోజులు మాట్లాడుకోవాలి. అప్పటికీ తెగకపోతే ముగ్గురి ఓటు. ఎవరి అనుమతీ ఒక్కడు తీసేయకూడదు.

నా రెండో వాక్యం చెరిపేయాలి. నేనే చెరుపుతానన్నాను. జకర్యా కంప్యూటర్ ముందు కూర్చుని "చివరి మాట నాది" మీద ఒక్కొక్క అక్షరం వెనక్కి కొట్టాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.

దేవిక అప్పటిదాకా వింటూ కూర్చుంది. మార్త నమూనా ఇంకోసారి వినిపించమని సైగ చేసింది. విని ఏదో అంది. మార్తకు అందలేదు, జకర్యాకూ అందలేదు, నేను ముందుకు వంగాను. గదికి అటు చివర కూర్చున్న సదాశివ చెప్పాడు: "పాట పాడొద్దంటున్నది వదిన."

మార్త నవ్వేసింది. చర్చి క్వయర్‌లో పాడుతుందట. ప్రతి ముక్కా చివర్న తెలియకుండానే కొంచెం రాగం తీస్తోంది.

ఇక ఇద్దరూ కూర్చున్నారు. దేవిక గుసగుసగా చెప్పడం, సదాశివ అక్కడి నుంచి దాన్ని గట్టిగా అందించడం. "కూరగాయల పేర్లు రాసిన చీటి చదివినట్టు చదువు అక్కా." "గోరువెచ్చ నీళ్ళు తాగాలె, చల్లటియి వద్దు." "ఊపిరి వదిలినంక మొదలువెట్టు." మార్త బుద్ధిగా అలాగే చదివింది.

తర్వాత దేవిక చెప్పింది కాస్త ఎక్కువసేపు సాగింది. సదాశివ అందించాడు. "నేను చేసిన తప్పు నువ్వు చేయకు అంటున్నది. ప్రతి ముక్కల ఏదో ఒకటి చెప్పాలని చూసిందంట. ముక్క ఏం చెప్పొద్దు, ఉత్తగ ఉండాలె, చెప్పేది అంత కలిసినంక వాక్యం చెప్తదంట."

నేను ప్రాణం అన్నది దాన్నే. ఆమె తప్పు అంటున్నదీ దాన్నే. మూడేళ్ళ నుంచి ఆమెకు తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. కిటికీలోంచి వాన చూస్తూ, "నువ్వు గంత ఇష్టపడి వింటుంటివి," అంది.

ఆగస్టు 8, ఆదివారం

మూడో వారం. మార్త సాయంత్రాలు కూడా చదువుతోంది, తొమ్మిది వందల ముక్కలయ్యాయి. నాకు పని లేదు. మైకు తీగ పట్టుకుని కూర్చుంటున్నాను.

ఆగస్టు 11

పేపర్ నేనే పైకి చదివాను. "నీకు చదవరాదు," అని దేవిక లాక్కుంది. చదువుకుంటూ మధ్యమధ్య వార్తలు చెప్పింది. పక్కనే కూర్చుంటే అన్నీ వినపడుతున్నాయి. ఇంతకుముందు ఇంత దగ్గరగా ఎందుకు కూర్చోలేదో.

ఆగస్టు 17, మంగళవారం

డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. గొంతులోకి చిన్న కెమెరా పెట్టి చూశాడు. ఒకవైపు స్వరతంత్రిలో కదలిక లేదు, నరం ఇంకా కోలుకోలేదన్నాడు. ఇంకో అయిదు నెలలు ఆశ వదలక్కర్లేదు గాని, ఇంతే కావచ్చనుకుని సర్దుకోవడం మంచిదన్నాడు. ఎలా మాట్లాడితే శ్రమ తగ్గుతుందో నేర్పేవాళ్ళున్నారట, చీటీ రాసిచ్చాడు.

ఆటోలో నేను ఏడ్చాను. ఆటో అతను అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. దేవిక నా చేయి తన ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు ఎప్పుడో ఎరుకైంది," అంది. "నీ కోసం ఆగిన. రోజు పొద్దుగాల లేసి నా ముఖం దిక్కు చూస్తవు, ఇయ్యాల వస్తదా గొంతు అని. రాకపోతె ఏదో ఫెయిలైన పిల్ల లెక్క ఉంటుండె నాకు. ఇగ చూడకు."

"చూడను."

"ముఖం చూడు. గట్ల చూడకు."

మెట్టుగూడ దాటాక ఆటో అతని భుజం తట్టి ఆపించి మొక్కజొన్న పొత్తులు కొంది. బేరం కూడా ఆడింది. బండి దగ్గర ఉన్న ముసలామెకు చెవుడు. ఇద్దరూ వేళ్ళతో కొట్లాడుకున్నారు. దేవికే గెలిచింది.

ఆగస్టు 29, ఆదివారం

పందొమ్మిది వందలు. అయిపోయాయి. మార్త వాళ్ళింట్లో పులిహోర. సదాశివ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సెప్టెంబర్ 6, సోమవారం

జకర్యా నిన్న ప్రతిపాదన లిస్టులో పెట్టాడు. "మార్త గొంతును అసలు గొంతుగా పెట్టాలి. పాత గొంతు పాత విడుదలలో ఉంటుంది, కావలసినవాళ్ళు వాడుకోవచ్చు." విజయనగరం నుంచి ఒకావిడ అభ్యంతరం పెట్టింది. పాత గొంతుతో తన పిల్లవాడు చదువుకున్నాడట. కొత్తదైతే పరాయి మనిషిలా ఉంటుందట. మా ఊరావిడ! పేరు కనకలక్ష్మి. ఆమెకు నా చేత్తో నేను రాశాను: పాతది ఎక్కడికీ పోదు, మీ అబ్బాయి దగ్గర అలాగే ఉంటుంది, మీకు ఏ సాయం కావాలన్నా నాకు రాయండి.

సెప్టెంబర్ 19, ఆదివారం

ఇంకో ఏడు రోజులూ మాట్లాడుకోవడమే అయింది. ఇవాళ ఓటు.

జకర్యా సమ్మతం. సదాశివ సమ్మతం. రెండు చాలు, నేను వేయక్కర్లేదు కూడా. కాని వేయకుండా దాక్కోవడం బాగుండదు.

సమ్మతం అని రాశాను. పంపలేదు. దేవికను పిలిచి చూపించాను.

"నిజమేనా?" అంది.

"కాదు."

"మరి నిజం రాయి. ఓటు అబద్ధం వేస్తరా ఎవరన్న?"

రాశాను. "వ్యతిరేకం. టెక్నికల్ కారణం ఏదీ లేదు. నాకు ఆ గొంతంటే ఇష్టం. ప్రతిపాదన నెగ్గింది కాబట్టి విడుదల పని నేను చేస్తాను."

మూడేళ్ళలో మొదటిసారి ఓడిపోయాను. భోజనం చేసి మధ్యాహ్నం హాయిగా పడుకున్నాను.

అక్టోబర్ 2, శనివారం

సెలవు. వాగుడుకాయ కొత్త విడుదల. పొద్దున పదింటికి నెట్‌లో పెట్టాను, నా చేతులతోనే. పేర్ల పట్టికలో గొంతు: మార్త. శిక్షణ: దేవిక. జకర్యా పేరు నా పేరు కంటే పైన ఉంది. అక్షర క్రమం, నేనే పెట్టాను.

అక్టోబర్ 6

సదాశివ ఇంటికి ఫోన్ చేశాడు. నేను ఎత్తితే, "వదినకియ్యండి," అన్నాడు. ఇచ్చాను. తర్వాత దేవిక చెప్పింది: మూడింతల స్పీడు మీద రెండు రోజుల్లో ఒక్క లైను తప్పు పోలేదట. మెమో వాపసు తీసుకోలేదు గాని ఇంకోటి రాలేదట.

దేవిక సోమవారం బడికి వెళ్ళి పెద్ద టీచర్‌ను కలిసింది. పెద్ద క్లాసు కష్టం, విడిగా పది మందికి చదువు నేర్పే పని ఉంది, చూస్తావా అన్నారట. చూస్తానందట.

అక్టోబర్ 9, శనివారం

లిస్టులో ఒక చిన్న ప్రతిపాదన పెట్టాను. ప్రోగ్రాం తెరవగానే మొదట ఒక్క మాట, "నమస్కారం", దేవిక పాత గొంతుతో. రెండు సెకన్లు. ఆ తర్వాత అంతా మార్త గొంతే. మొదలైన రోజుల గుర్తుగా. ఎవరూ కాదనరనుకుంటున్నాను.

అక్టోబర్ 10, ఆదివారం

లిస్టులో చేరిన కొత్త సభ్యురాలి నుంచి మెయిల్. ఇంట్లో ఉన్న ఒకే కంప్యూటర్ మీద నేను కూరగాయలకు వెళ్ళినప్పుడు రాసినట్టుంది. సంచీ కింద పెట్టకుండానే చదివాను.

"అభ్యంతరం. కారణం: రోజుకు ఇరవైసార్లు ప్రోగ్రాం తెరిచేవాళ్ళకు ఇరవైసార్లు రెండు సెకన్లు దండగ. సదాశివను అడిగాను, వద్దన్నాడు. ఇంకో కారణం: నమస్కారం చెప్పాలంటే నేనే చెప్పగలను, బతికే ఉన్నాను. ప్రతిపాదించినవారు నాతో మాట్లాడదలిస్తే వంటింట్లో ఉంటాను. — దేవిక."

దాని కింద జకర్యా: "అభ్యంతరానికి కారణం ఉంది. రూల్ ప్రకారం ఏడు రోజులు." దాని కింద సదాశివ నవ్వు గుర్తు ఒకటి.

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. వంటింట్లోంచి ఆమె ఏదో అడిగింది, ఎందుకు నవ్వుతున్నావనే అయి ఉంటుంది. ఇక్కడికి సరిగ్గా వినపడలేదు.

డైరీ మూసి వెళ్తున్నాను. ఏడు రోజులున్నాయి. ఆమెను ఒప్పించడం నా వల్ల కాదు.